తోడల్లుళ్ళ తూటాలు

ఆదివారం చర్చి నుంచి వచ్చి అత్తగారింటి వసారాలో అందరూ కాఫీలు తాగుతున్న వేళ, వెస్సెల్ కోటు జేబులోంచి ఒక తూటా తీసి పాల టార్టు పళ్ళెం పక్కన నిలబెట్టాడు. మగవాడి బొటనవేలంత లావు, అరచేతికి అడ్డంగా పెడితే అటూ ఇటూ పొడుచుకొచ్చేంత పొడుగు. తెల్లని బల్లగుడ్డ మీద పెళ్ళికొడుకులా మిలమిలలాడుతూ నిలబడింది.

"నాలుగు పదహారు," అన్నాడు వెస్సెల్. కొత్తగా కొన్న తుపాకీ కొలతని కొడుకు పేరు చెప్పినంత ముద్దుగా చెప్పాడు.

ఎదురు కుర్చీలో హార్డుస్ లొంబార్డ్ కాఫీలో నానేసిన రస్కు విరిగి కప్పులో మునిగిపోయింది. అతను చూసుకోలేదు. వెస్సెల్ అతని తోడల్లుడు. అక్కాచెల్లెళ్ళలో పెద్దదైన రీనాని హార్డుస్, చిన్నదాన్ని వెస్సెల్ చేసుకున్నారు. తోడల్లుళ్ళన్నాక ఒకరి ట్రాక్టరు ఇంకొకరికి కంట్లో నలుసే. అయితే ట్రాక్టరు సంగతి వేరు, తూటా సంగతి వేరు.

హార్డుస్ జేబులో కూడా ఒక తూటా ఎప్పుడూ ఉంటుంది. మిగతా మగవాళ్ళు దువ్వెన పెట్టుకునే చోట మా ఆయన తూటా పెట్టుకుంటాడని రీనా ఊరంతా చెబుతుంది. అది వాళ్ళ తాత కాలంనాటి తొమ్మిది-మూడు తుపాకీది, అంటే గుండు లావు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ తుపాకీతో తాత ఒకే గుండుకి రెండు దున్నల్ని పడగొట్టి, గుండు కొండకి తగిలి తిరిగొస్తుంటే టోపీతో పట్టుకున్నాడని ఆ వైపు చెప్పుకుంటారు. హార్డుస్ ఆ తూటా తీసి, చూసుకోండి మా ఇంటి పరువు అన్నట్టు, వెస్సెల్ తూటా పక్కన నిలబెట్టాడు.

పెట్టాక తెలిసింది పెట్టకూడదని. ఒంటె పక్కన మేకని కట్టినట్టయింది.

అత్తగారు మారా కళ్ళజోడు సవరించుకుని, పెద్దదాన్నే చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. "అబ్బో! ఇదిరా తూటా అంటే," అంది.

"ఊరికే అబ్బో అనకండి అత్తయ్యా," అన్నాడు వెస్సెల్. "ఇనుములాంటి మోపానే చెట్టు అడ్డమున్నా సరే, చెట్టుని తొలుచుకుని పోయి దున్నని పడగొడుతుంది. దాని వెనకాల ఇంకో దున్న ఉంటే దాన్ని కూడా కుశలమడిగి పోతుంది."

"మా తాత ఈ చిన్నదాంతోనే..." అని హార్డుస్ మొదలుపెట్టాడు.

"మీ తాత కాలంలో దున్నలు కూడా చిన్నవేమోలే అల్లుడూ," అంది మారా, టార్టు కోస్తూ. మొదటి ముక్క వెస్సెల్ పళ్ళెంలో పడింది.

హార్డుస్ కడుపులో ఎవరో నెగడు రాజేసినట్టయింది. టార్టు ముక్క సంగతి కాదది. ఏటా చలికాలంలో చర్చి సంత కోసం మారా పొలంలో ఒక అడవిదున్నని కొడతారు. మొదట ఎవరు పేల్చాలో మారా చెబుతుంది. తక్కినవాళ్ళు వెనక నిలబడాలి. సాయంత్రం నెగడు మీద దున్న కాలేయం కాల్చి, మొదట రక్తం కళ్ళజూసిన గుండు ఎవరిదో వాడికి తొలి ముక్క మారా తన చేత్తో పెడుతుంది. ఆ ముక్క రెండు వేళ్ళకంటే వెడల్పుండదు. దానికోసం మాటలు మానుకున్న అన్నదమ్ములున్నారు. మామగారు బతికున్నంత కాలం అది ఆయనది. ఆయన పోయాక హార్డుస్‌ది. ఈ ఏడు కొట్టాల్సింది ఒంటరి ముసలి మగదున్న. ఒళ్ళంతా బురద, కొమ్ముల మధ్య బండరాయిలాంటి నుదురు. గాలిమర కింద నీళ్ళగొట్టం విరగ్గొట్టి, బాగు చేయడానికి వచ్చినవాణ్ణి పొద్దు వాలేదాకా గాలిమర మీదే కూర్చోబెట్టింది.

"ఈసారి దానికి ఈ నాలుగు పదహారే సరైన మందేమో, చూద్దాం," అంది మారా.

ఇంటి గేటు దగ్గర కారాపి, "మీ చెల్లెలి మొగుడికి తుపాకీ మొయ్యడానికి గాడిదని కూడా కొనిపెట్టమను మీ అమ్మని," అన్నాడు హార్డుస్.

"గాడిద మన కారులోనే ఉందిగా," అంది రీనా, గేటు తియ్యడానికి దిగుతూ.

మర్నాడు హార్డుస్ పొరుగునున్న బారెండ్ దగ్గరికి పోయాడు. బారెండ్ వయసులో పెద్దవాడు. ఊళ్ళో నిజాలన్నీ ఇతరులకి వదిలేసి అబద్ధాలన్నీ తన కింద ఉంచుకున్న మనిషి. అతని దగ్గర నాలుగు యాభై ఎనిమిది తుపాకీ ఉంది. ఏనుగుల కోసం కొన్నది. దాన్ని పేల్చిన రోజున చుట్టుపక్కల కోళ్ళు పొదగడం మానేస్తాయని చెబుతాడు.

"తొమ్మిది-మూడు బాగానే ఉందిగా, దీంతో నీకేం పని?" అన్నాడు బారెండ్.

"పదహారు కంటే యాభై ఎనిమిది పెద్దదా కాదా?"

"లెక్కల్లో పెద్దదే. భుజానికి కూడా లెక్కలొస్తే ఇంకా మంచిది. ఓసారి దీంతో ఏనుగుని కొట్టానబ్బాయ్. ఏనుగు ఉన్నచోటే ఉంది, నేను మాత్రం పక్క జిల్లాలో తేలాను. మా ఆవిడ నా బట్టలు పోస్టులో పంపించింది."

చట్టప్రకారం తుపాకీ కలవాడు పక్కనుంటే తప్ప ఇంకొకడు పేల్చకూడదు గనక బారెండ్ కూడా కుర్చీ, కాఫీ ఫ్లాస్కు తీసుకుని పొలంలోకి వచ్చాడు. చెదల పుట్ట మీద డబ్బా మూత పెట్టారు. హార్డుస్ గురి చూసి ట్రిగ్గర్ నొక్కాడు. ఆకాశం విరిగి పడ్డట్టు చప్పుడైంది. డబ్బా మూత అలాగే ఉంది. హార్డుస్ మాత్రం కింద కూర్చుని ఉన్నాడు. టోపీ ముళ్ళకంప మీద ఉంది.

"తగిలిందా?" అన్నాడు చెవులు రుద్దుకుంటూ.

"తగిలింది, నీకే," అన్నాడు బారెండ్ కాఫీ పోసుకుంటూ. "చాలా, ఇంకోటా?"

వెస్సెల్ నవ్వు గుర్తొచ్చింది. "ఇంకోటి," అన్నాడు హార్డుస్. ఆ వారమంతా అలా ఇంకోటి, ఇంకోటి అంటూనే ఉన్నాడు. పేల్చిన ప్రతిసారీ గుండు పుట్టకి దగ్గరవుతోందని అతను అనుకున్నాడు. ప్రతిసారీ అతని కళ్ళు ముందుకంటే కాస్త ముందుగా మూసుకుంటున్నాయని అతనికి తెలియదు. బారెండ్‌కి తెలుసు, గాని నవ్వు దాచిపెట్టుకుంటే తరవాత అక్కరకొస్తుందని ఊరుకున్నాడు.

చొక్కా మార్చుకుంటుండగా రీనా చూసింది. భుజం మీద నేరేడుపండు రంగు మచ్చ, చుట్టూ పసుపు, ఆకుపచ్చ.

"ఎవతె అది, అంతలా కరిచింది?" అంది.

"తుపాకీ."

"నా దగ్గరైతే దోమ కుట్టినా వారం రోజులు మూలుగుతావు. దానిచేత తన్నించుకోడానికి రోజూ పోతున్నావన్నమాట. వెస్సెల్ బావిలో దూకితే ఇంకా లోతైన బావి వెతుక్కునే రకం నువ్వు."

"నీకు తెలీదే. మీ అమ్మ దాన్ని ఎలా పట్టుకుందో చూశావా? మీ నాన్న పోయాక అంత ఇదిగా ఏ వస్తువునీ పట్టుకోలేదు."

రీనా నవ్వు ఆపుకుని మచ్చకి మందు రాసింది. కావాలనే కాస్త గట్టిగా రాసింది.

వేటకి ముందురోజు మారా ఇంటి వెనక పరీక్ష. ఇది మామగారు పెట్టిన ఆచారం. పేల్చేవాడు తన తూటాలు తను పెట్టుకోకూడదు. మారా వంటింట్లోకి తుపాకీ తీసుకుపోయి, తలుపేసుకుని, మూడు తూటాలు పెట్టి తెస్తుంది. ఆ మూడింట్లో ఒకటి చచ్చు తూటా, అంటే లోపల మందుండదు. ఎన్నోదో మారాకి తప్ప ఎవరికీ తెలియదు. మామగారు తూటాలు నింపుకునే బల్ల మీద ఏ తుపాకీకి కావలసిన చచ్చు తూటా ఆ తుపాకీకి ఆవిడే చేసిపెడుతుంది. పేలిన తూటాతో గురి తెలుస్తుంది, పేలని తూటాతో మనిషి తెలుస్తాడు అనేవాడు పెద్దాయన. తుపాకీ దెబ్బకి భయపడేవాడు ట్రిగ్గర్ నొక్కేముందే బిగుసుకుని గొట్టాన్ని కిందికి తోస్తాడు. పేలితే ఆ తోపు దెబ్బలో కలిసిపోయి ఎవరికీ కనపడదు. పేలకపోతే దాచుకోడానికి చోటుండదు.

వెస్సెల్ ముందు నిలబడ్డాడు. మొదటిది పేలింది, డబ్బా మూత ఎగిరింది. రెండోది పేలింది. మూడోసారి 'టిక్' మని చప్పుడైంది, అంతే. గొట్టం సమాధిరాయిలా కదలకుండా ఉంది.

"శెభాష్," అంది మారా. చర్చిలో పాస్టరుక్కూడా ఆవిడ ఆ మాట అనలేదు.

హార్డుస్ నాలుగు యాభై ఎనిమిది అందుకున్నాడు. పక్కన బారెండ్, చట్టాన్ని కాపాడుతున్న ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. వెస్సెల్ చేతులు కట్టుకుని, "నిదానం అన్నయ్యా, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకో," అన్నాడు. ఆ మాటకి హార్డుస్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. వాడి మంచితనమే అతనికి ఎక్కువ మంట.

గురి చూశాడు. బిగబట్టాడు. నొక్కాడు.

'టిక్'.

గొట్టం నూకలు చూసిన కోడిలా నేలని పొడిచింది. హార్డుస్ కళ్ళు మూసుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని, పేలకుండానే "అమ్మో!" అని అరిచాడు.

బారెండ్ వారం రోజులుగా దాచుకున్న నవ్వు బయటికి తీశాడు. రీనా కొంగు లేదు గనక టోపీ నోటికి అడ్డం పెట్టుకుంది. అడుగుజాడలు పట్టే రిసిమాటి పుట్టవైపు తిరిగి నిలబడ్డాడు గాని, వెనకనుంచి చూస్తే భుజాలు ఎగురుతున్నాయి. వెస్సెల్ ఒక్కడే నవ్వలేదు. నవ్వితే ఎంత బాగుండేదో!

"బారెండ్ తుపాకీ బారెండ్‌కిచ్చేయ్ అల్లుడూ," అంది మారా. "రేపు మీ తాతగారి ఆ కర్రముక్క తుపాకీ పట్టుకుని వెస్సెల్ వెనక నడువు. మొదట వాడు పేలుస్తాడు."

ఆ రాత్రి హార్డుస్ మొక్కజొన్న సంకటి కెలికి వదిలేశాడు.

తెల్లారి గడ్డి మీద మంచు ఇంకా కరగకముందే బయల్దేరారు. ముందు రిసిమాటి, అతని వెనక వెస్సెల్, ఆ వెనక తొమ్మిది-మూడు పట్టుకుని హార్డుస్, చివర బారెండ్. హార్డుస్‌కి దారిపొడుగునా దున్న కనపడలేదు, వెస్సెల్ వీపే కనపడింది. కొత్త తోలుపట్టీ, కొత్త తుపాకీ. ఆ వీపు మీద కొమ్ములు మొలిచి ఉంటే అతని గురి ఎంత బాగుండేదో చెప్పలేం.

రిసిమాటి చెయ్యెత్తాడు. ఎదర మోపానే చెట్ల గుంపులో నల్లగా ఒక గోడ నిలబడి ఉంది. గోడ చెవి ఆడించింది. దాని కుడి భుజానికి ముందు తొడంత లావు మోపానే ఒకటి అడ్డంగా ఉంది.

"కదిలేదాకా ఆగు," అని రిసిమాటి పెదాలు మాత్రం కదిపాడు.

వెస్సెల్ ఆగలేదు. అత్తగారి బల్ల దగ్గర చెట్టు సంగతి గొప్పగా చెప్పి వచ్చినవాడు చెట్టుకి భయపడి ఆగుతాడా? పేల్చాడు. చెట్లమీది పిట్టలన్నీ లేచిపోయాయి. దున్న ముందుకాళ్ళ మీద తూలింది, లేచింది, ఆ కుడివైపే కనపడేలా వాళ్ళ ముందునుంచి అడ్డంగా పరిగెత్తింది.

"కొట్టు! నువ్వూ కొట్టు!" అని బారెండ్ వెనకనుంచి అరిచాడు.

హార్డుస్ తుపాకీ భుజానికెత్తాడు. నేరేడుపండు మచ్చ ముందే మూలిగింది. నల్లటిదేదో గొట్టం ముందుకి రావడం చూశాడు. ఆ తరవాత ఏమీ చూడలేదు. కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు. తుపాకీ పేలింది.

దున్న రెల్లులోకి పోయింది. కాసేపటికి అక్కణ్ణుంచి ప్రాణం పోయేటప్పటి అరుపు, పొడుగ్గా, దిగులుగా వినపడింది. నెమ్మదిగా చుట్టూ తిరిగి పోయి చూశారు. పడి ఉంది. చచ్చిన దున్నే మనిషిని చంపుతుందని ఆ వైపు సామెత గనక, బారెండ్ తన పెద్ద తుపాకీతో మెడమీద ఇంకోటి కొట్టి, తూలి, దున్న మీదే కూర్చున్నాడు.

మెడ మీది దెబ్బ బారెండ్‌ది. అది కాక కుడి భుజం వెనక ఒకే ఒక్క రంధ్రం ఉంది. దున్నతోలు మందం, దెబ్బ తగిలాక ముడుచుకుపోతుంది. ఆ రంధ్రం చూసి ఏ గుండో చెప్పడం కష్టం.

"ఒకటే ఉంది," అన్నాడు వెస్సెల్. అని హార్డుస్ వైపు జాలిగా చూశాడు. "పరిగెత్తేదాన్ని కొట్టడం కష్టంలే అన్నయ్యా. ఎవరికైనా తప్పుతుంది."

తను కళ్ళు మూసుకున్నాడని హార్డుస్‌కి తెలుసు. మూసుకున్న కళ్ళతో పేల్చిన గుండు ఎక్కడికి పోయిందో దేవుడికి తెలుసు. "బాగా కొట్టావు తమ్ముడూ," అన్నాడు. ఆ మాట నోట్లోంచి బయటికి రావడానికి దున్నని ట్రాక్టరు మీదికి ఎక్కించడం కంటే ఎక్కువ కష్టమైంది.

మధ్యాహ్నం మారా పెరట్లో తోలు తీస్తుంటే, ఎడమవైపు తోలు కింద గుండు దొరికింది. ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఇంత లావైంది. వెస్సెల్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. "చూశారా ఎంతుందో! నాలుగు పదహారంటే ఇదీ!"

"ఇలా తే," అంది మారా. నీళ్ళలో కడిగి తిరగేసింది. విచ్చుకునేది ముందుభాగమే, వెనకభాగం పుట్టినప్పటి కొలతలోనే ఉంటుంది. "పేలిన తూటాలు ఇవ్వండి, ఇద్దరివీ."

వెస్సెల్ ఖాళీ ఇత్తడి తూటా మూతిలో గుండు వెనకభాగం పెట్టి ఆడించింది. నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా లోపల వదులు వదులుగా ఊగింది. అప్పుడు హార్డుస్ తూటా తీసుకుంది. గుండు పెట్టింది. సీసాకి బిరడాలా చక్కగా కూర్చుంది.

"అబద్ధం!" అన్నాడు వెస్సెల్. "నేను కొట్టినప్పుడు అది తూలింది! అందరూ చూశారు!"

"చప్పుడికి అదిరి, అడవిపంది తవ్విన గుంటలో కాలుపెట్టింది బాబూ," అన్నాడు రిసిమాటి కత్తి తుడుచుకుంటూ. "మీ గుండు ఉన్నచోటు నేను చూశాను. చెట్టులో ఉంది. ఆ మోపానేకి మాత్రం మంచి దెబ్బే తగిలింది."

"అయితే వెస్సెల్ మొదట రక్తం చూసింది చెట్టుది," అన్నాడు బారెండ్. "దాని కాలేయం కోసి వాడికి పెట్టండి. కాస్త ఉప్పు ఎక్కువెయ్యండి, మోపానే నమలడం కష్టం."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది హార్డుసే. కడుపులో నెగడు ఆరిపోయి, చల్లటి గాలి వీచినట్టుంది. వెస్సెల్ వీపు తట్టాడు కూడా. "ఎవరికైనా తప్పుతుందిలే తమ్ముడూ. నిలబడ్డదాన్ని కొట్టడం మరీ కష్టం."

పొద్దు వాలాక నెగడు చుట్టూ చేరారు. మారా కాలేయం సన్నగా కోసి, కొవ్వుపొర చుట్టి, నిప్పుల మీద కాల్చింది. తొలి ముక్క కత్తి మొనకి గుచ్చి హార్డుస్ ముందుకి తెచ్చింది. తెచ్చి, వెంటనే పెట్టలేదు.

"అల్లుడూ, పేల్చేటప్పుడు కళ్ళు తెరిచే ఉన్నావా?"

"ఒకటి మూసుకున్నానత్తయ్యా. గురి చూసేవాళ్ళంతా మూసుకునేదేగా."

"రెండోది?"

హార్డుస్ నెగడులోకి చూశాడు. రీనా అతని వైపు చూసింది. ఆ చూపు చూస్తే, ఇక బతికినన్నాళ్ళూ గేటు తియ్యడానికి కారు దిగేది ఎవరో హార్డుస్‌కి అర్థమైపోయింది.

"సరేలే," అంది మారా. "నువ్వు చూడకపోయినా ఆ తుపాకీ చూసింది. ఆ చిన్న తూటా చాలు మన వైపు దున్నలకి. మీ మామ కూడా ఆ మాటే అనేవాడు, నేనే మరిచిపోయి పెద్దదాన్ని చూసి మురిసిపోయాను." ముక్క అతని చేతిలో పెట్టింది.

హార్డుస్ నోట్లో వేసుకున్నాడు. ఉప్పు, పొగ, వెచ్చటి నెత్తురు రుచి. నములుతూ, నెగడు అవతలున్న వెస్సెల్ ముఖం ఎలా మాడిపోయిందో చూసి రుచి రెట్టింపు చేసుకుందామని తలెత్తాడు.

వెస్సెల్ ముక్క వైపు చూడటం లేదు. గోడకి ఆనించిన తొమ్మిది-మూడు వైపు చూస్తున్నాడు. ఆ చూపుని హార్డుస్ వెంటనే గుర్తుపట్టాడు. వారం రోజులుగా గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో అదే చూపు చూస్తున్నాడు మరి.

"అన్నయ్యా, ఓసారి చూడనిస్తావా?" అన్నాడు వెస్సెల్.

గెలిచినవాడు ఉదారంగా ఉండాలి గనక హార్డుస్ చెయ్యి ఊపాడు. వెస్సెల్ లేచి తుపాకీ తీసుకున్నాడు. తెరిచి, ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక్క ఊపున భుజానికెత్తి, అప్పుడు కళ్ళు తెరిచాడు. గొట్టం తిన్నగా, గాలిమర నెత్తిన మెరుస్తున్న చుక్క మీద నిలిచింది. మెడ వంచలేదు, భుజం ఎగరెయ్యలేదు. హార్డుస్‌కి ఎప్పుడూ చెంపకి కాస్త ఎత్తయ్యే ఆ తుపాకీ వెనక కర్ర వెస్సెల్ చెంపకి కొలత తీసి చేయించినట్టు అతుక్కుపోయింది.

"ఓర్నాయనో!" అన్నాడు బారెండ్. "హార్డుస్, మీ తాత వీడికోసం చేయించి నీ దగ్గర దాచిపెట్టినట్టుందిరా!"

మారా కళ్ళజోడు సవరించుకుని, అవునన్నట్టు తలూపింది.

హార్డుస్ నోట్లోని కాలేయం ముక్క అక్కడే ఆగిపోయింది. ఎంత నమిలినా దిగలేదు, మోపానే చెక్కలా.